విలియమ్ కేరీ గారు: గొప్ప పరిచర్య, గాయపడిన గృహము



మిషనరీ ఆదివారము వచ్చినప్పుడెల్లా మన సంఘములలో విలియమ్ కేరీ గారి పేరు వినబడుతుంది. చెప్పులు కుట్టే మనిషి ఇండియాకు వచ్చి, బైబిలును అనేక భాషలలో అచ్చు వేయించారని మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆయన కథను మనము సగమే చెప్పుకొంటాము. ఆయన చేసిన పనులన్నీ వరుసగా చెప్పి, ఆయన ఇంటి గుమ్మము దగ్గర ఆగిపోతాము. ఈసారి ఆ గుమ్మము దాటి లోపలికి కూడా చూద్దాము. మన విశ్వాసము పరీక్షకు వచ్చేది ఎక్కువగా ఇంటిలోనే గదా!

చెల్లని నాణెము

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్ జిల్లా, పాలర్స్‌పరీ అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఎడ్మండ్ మగ్గము నేసేవారు. తరువాత ఆ ఊరి బడిపంతులు అయ్యారు. కుర్రవానికి ఎండ పడని చర్మవ్యాధి ఉండుటచేత పొలము పని సాగలేదు. అందుచేత పిడ్డింగ్టన్ అనే ఊరిలో చెప్పులు కుట్టే పని నేర్చుకొనుటకు పెట్టారు. అక్కడ తోటి పనివాడైన జాన్ వార్ విశ్వాసపు మాటలు చెబుతుంటే, కేరీ వాదనలో అతనిని ఓడించాలని చూసేవాడు. చర్చికి వెళ్తున్నాను, నాకేమి తక్కువ అనే గర్వము అతనిది.

ఒక క్రిస్మస్ సమయమున ఇనుప సామానుల వ్యాపారి ఒకాయన అతనికి ఒక షిల్లింగు ఈనాముగా ఇచ్చారు. అది చెల్లని నాణెము. ఆ సంగతి తెలిసిన తరువాత, కేరీ యజమాని సొమ్ములోని మంచి షిల్లింగును తాను వాడుకొని, చెల్లనిదానిని దాని స్థానములో పెట్టాడు. అబద్ధము చెప్పి నెగ్గుకొని రావాలనుకొన్నాడు. అంతేకాదు, ఈ ఒక్కసారికి తప్పించమని దారిలో దేవునికి ప్రార్థన కూడా చేశాడు! యజమాని వేరొక కుర్రవానిని పంపి విచారించగా నిజము బయటపడింది. కేరీ చాలా రోజులు సిగ్గుతో వీధిలోనికి రాలేకపోయాడు.

ఇది చిన్న సంగతి కాదు. దొంగతనమును కప్పమని దేవునినే అడిగిన తన హృదయమును ఆ కుర్రవాడు ఆ రోజున చూచుకొన్నాడు. పాపమంటే లోకములో ఎక్కడో ఉన్నది కాదు, నాలోనే ఉన్నదని తెలిసింది. కేరీ గారు పెద్దవారైన తరువాత తమ జీవితమును గూర్చి వ్రాసినప్పుడు ఈ సంగతిని దాచలేదు. 1783 అక్టోబరు 5న నార్తాంప్టన్‌లోని నెన్ నదిలో ఆయన బాప్తిస్మము పొందారు.

డోరతీ అమ్మ

1781లో కేరీ గారు డోరతీ ప్లాకెట్ అనే ఆమెను వివాహము చేసుకొన్నారు. ఆయన వయస్సు 19. ఆమె ఆయనకంటె పెద్దది. ఆమెకు చదువు రాదు. చర్చి రిజిస్టరులో సంతకమునకు బదులు సిలువ గుర్తు పెట్టింది. వారి మొదటి బిడ్డ ఆన్ పసితనములోనే జ్వరముతో చనిపోయింది. ఆ జ్వరమే కేరీ గారికి కూడా వచ్చి, ఆయన జుట్టు ఊడిపోయింది.

1785లో వారు మౌల్టన్ అనే ఊరు చేరారు. అక్కడ కేరీ గారు బడి చెప్పేవారు, చెప్పులు కుట్టేవారు, సంఘమునకు ప్రసంగించేవారు. మూడు పనులు చేసినా ఇల్లు గడవడము కష్టముగానే ఉండేది. పనిచేసే గది గోడకు తాము స్వయముగా గీసిన ప్రపంచపటము వ్రేలాడుతుండేది. సువార్త వినని దేశముల భారము ఆయనకు అక్కడే కలిగింది. 1792 మే నెలలో, అన్యదేశములకు సువార్త పంపవలసిన బాధ్యతను గూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చు వేయించారు. ఆ నెలాఖరున నాటింగ్‌హామ్‌లో యెషయా 54వ అధ్యాయము నుండి ప్రసంగించారు. అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంటిలో కొద్దిమంది సేవకులు కూడుకొని బాప్టిస్టు మిషనరీ సంఘమును స్థాపించారు. ఆ రోజు వారు వ్రాసిన చందాల మొత్తము 13 పౌండ్ల చిల్లర మాత్రమే.

మరి డోరతీ అమ్మ? ఆమె అప్పుడు గర్భవతి. చేతిక్రింద ముగ్గురు మగపిల్లలు. పుట్టిన ప్రాంతము విడిచి దూరము వెళ్లిన మనిషి కాదు. ఆమె రానన్నది. కేరీ గారు పెద్ద కుమారుడు ఫెలిక్స్‌ను మాత్రము తీసికొని బయలుదేరారు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేనందున ఆ ఓడలో ప్రయాణము సాగలేదు. ఈలోగా ఆమె ప్రసవించింది. కేరీ గారు, ఆయన తోటి సేవకుడు జాన్ తామస్ గారు తిరిగి వచ్చి ఎంతో బ్రతిమాలిన మీదట, తన చెల్లెలు కూడా వస్తే తానూ వస్తానని ఆమె ఒప్పుకొన్నది. 1793 జూన్ 13న, కొన్ని వారముల పసికందుతో ఆమె డెన్మార్కు దేశపు ఓడ ఎక్కింది. నవంబరు 11న కలకత్తా చేరారు.

మన అమ్మలు, అమ్మమ్మలు ఎందరు ఇట్లే బయలుదేరారో ఒకసారి తలంచండి. కోలారు బంగారు గనులకు, సోలాపూరు మిల్లులకు, రైల్వే క్వార్టర్లకు మగవారు పనికోసము వెళ్తే, భాష తెలియని ఊరికి పిల్లలను చంకనెత్తుకొని వచ్చినవారు వారే. వారిని ఎవరైనా అడిగారా?

ఆ ఇంటిలోని చీకటి

కలకత్తాలో చేతిలోని డబ్బు త్వరలోనే అయిపోయింది. సుందరవనముల ప్రాంతములో కొంతకాలము గడిపి, 1794లో మాల్దా వైపున ఉన్న ముద్నాబాటిలో నీలిమందు ఫ్యాక్టరీ పనికి కుదిరారు. డోరతీ అమ్మకు, ఫెలిక్స్‌కు రక్తవిరేచనములు. వెంట వచ్చిన చెల్లెలు వివాహము చేసుకొని వేరైపోయింది. ఆ సంవత్సరము అక్టోబరులో అయిదేండ్ల పీటర్ జ్వరముతో చనిపోయాడు. ఆ దెబ్బకు ఆ తల్లి మనస్సు చెదరిపోయింది. భర్తపై లేనిపోని అనుమానములు, కోపము, కేకలు. 1807 డిసెంబరు 8న కన్ను మూసే వరకు ఆమె తిరిగి కోలుకోలేదు. సుమారు పన్నెండు సంవత్సరములు!

1800 జనవరిలో కేరీ గారు డెన్మార్కు వారి ఏలుబడిలోని శ్రీరాంపూరు చేరి, జాషువా మార్ష్‌మన్, విలియమ్ వార్డు గారలతో కలిసి పరిచర్య మొదలుపెట్టారు. ఆ సంవత్సరము డిసెంబరు 28న హుగ్లీ నదిలో వడ్రంగియైన కృష్ణ పాల్ గారికి, ఫెలిక్స్‌కు కేరీ గారు బాప్తిస్మమిచ్చారు. ఏడు సంవత్సరముల నిరీక్షణకు వచ్చిన మొదటి ఫలమది. ఒడ్డున పాటలు వినబడుతుంటే, ఇంటిలో గది తలుపు వేసి ఉంచిన డోరతీ అమ్మ కేకలు కూడా వినబడ్డాయి. ఒకే మనిషికి ఒకే రోజున ఆ సంతోషము, ఈ దుఃఖము. ఈ రెంటిలో ఒకదానిని తీసివేసి కథ చెబితే అది కేరీ గారి కథ కాదు.

పిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. తండ్రి పుస్తకముల మధ్య, తల్లి జబ్బులో. నలుగురు మగపిల్లలు అదుపు లేక పెరుగుతుంటే హన్నా మార్ష్‌మన్ అమ్మ, వార్డు గారు వారిని దగ్గరకు తీసి దారిలో పెట్టారు. బిడ్డలను గద్దించుటలో కేరీ గారు మెతక అని ఆయనను ప్రేమించిన వారే గుర్తించారు. గొప్ప దైవజనుడు తన ఇంటికి సరిపోకపోయినప్పుడు, దేవుడు పొరుగు ఇంటి స్త్రీ ద్వారా ఆ లోటు తీర్చారు. సంఘమంటే అదే గదా!

మేము కేరీ గారికి తీర్పు తీర్చుటకు ఈ మాటలు వ్రాయడము లేదు. ఆ కాలములో మనోవ్యాధికి వైద్యము లేదు. ఈ కాలములో ఉన్నది. అయినా మన సంఘములలో ఇప్పటికీ అటువంటి జబ్బును దయ్యమని, శాపమని, విశ్వాసము చాలదని అనేవారున్నారు. ఇంటిలో రోగి ఉన్న సంగతి దాచి, సిగ్గుపడి ఆరాధనకు రాని కుటుంబములున్నాయి. ప్రియులారా, మధుమేహమునకు డాక్టరు దగ్గరకు వెళ్లి, మనస్సు జబ్బుకు ఎందుకు వెళ్లకూడదు? ప్రార్థన చేయండి, చికిత్స కూడా చేయించండి.

ఏ నాటి పని ఆ నాడు

కేరీ గారు తమను గూర్చి తాము పెద్ద తలంపులు పెట్టుకోలేదు. తమకు మెరుపువంటి తెలివి లేదని, పట్టిన పనిని విడువక మెల్లగా సాగించడము మాత్రమే చేతనవునని తమ తమ్ముని కొడుకు యూస్టెస్‌తో చెప్పేవారు. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన వెలువడింది. అదే సంవత్సరము కలకత్తాలోని ఫోర్ట్ విలియమ్ కాలేజీలో ఉపాధ్యాయులయ్యారు. పెద్ద జీతము వచ్చేది. అందులో తమ అవసరమునకు కొంచెము ఉంచుకొని, మిగిలినదంతా శ్రీరాంపూరు ఉమ్మడి పెట్టెలో వేసేవారు.

శ్రీరాంపూరులో ఆ కుటుంబములన్నీ ఒకే భోజనపు బల్ల దగ్గర భుజించేవి. అన్ని కుటుంబములు కలిసి ఉంటే మాట పట్టింపులు రాకుండా ఉంటాయా? అందుకని వారు ఒక నియమము పెట్టుకొన్నారు. ప్రతి శనివారము సాయంత్రము కూర్చుండి, ఆ వారములో ఒకరిమీద ఒకరికి కలిగిన మనస్పర్థలను చెప్పుకొని, సరిచేసుకొని, ఆ తరువాతనే ఆదివారపు ఆరాధనకు వెళ్లేవారు.

1812 మార్చి 11 సాయంత్రము ముద్రణాలయము తగులబడింది. కాగితములు, అనేక భాషల టైపులు, సంవత్సరముల తరబడి వ్రాసిన వ్రాతప్రతులు బూడిదయ్యాయి. కేరీ గారు మరునాడు కలకత్తాలో ఆ వార్త విన్నారు. ఆయన కన్నీరు పెట్టుకొన్నారు; కాని ఎవరినీ నిందించలేదు. బూడిదలో వెదుకగా అక్షరములు పోతపోసే ఉక్కు అచ్చులు దొరికాయి. కరిగిన లోహమును మరల పోతపోసి కొద్ది వారములలోనే పని మొదలుపెట్టారు. పోయిన వ్రాతలను ఆయన మొదటి నుండి మరల వ్రాశారు.

మన తెలుగువారికి ఇక్కడ ఒక బంధమున్నది. అగ్నిప్రమాదము జరిగిన రెండేండ్లకు, 1814లో, కేరీ గారి తెలుగు వ్యాకరణము శ్రీరాంపూరులో అచ్చయింది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వచ్చింది. అంతకు ముందే 1809లో ఒడియా, 1811లో మరాఠీ క్రొత్త నిబంధనలు అక్కడినుండి వెలువడ్డాయి. ఈ పనిలో పండితుల సహాయము ఎంతో ఉన్నది. ఆ అనువాదములలో లోపములున్నాయి. తరువాతివారు వాటిని విడిచి క్రొత్తవి చేశారు. ఆ లోపముల సంగతి కేరీ గారికీ తెలుసు. బెంగాలీ బైబిలును జీవితాంతము దిద్దుతూనే ఉన్నారు. మన తెలుగు ప్రాంతమునకు అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు వచ్చినది 1836లో, అనగా కేరీ గారు చనిపోయిన రెండేండ్లకు.

1829 డిసెంబరులో సతీసహగమనమును నిషేధించిన ఉత్తర్వు బెంగాలీలోనికి మార్చుటకు కేరీ గారి చేతికి ఒక ఆదివారము ఉదయము వచ్చింది. ఆలస్యమైతే ఇంకొక విధవరాలు చితి ఎక్కవచ్చును. ఆయన ఆ రోజు ప్రసంగమును వేరొకరికి అప్పగించి, సాయంత్రము వరకు కూర్చుండి ఆ పని ముగించారు. ఆ ఆదివారము ఆయన ఆరాధన అదే.

చివరి దినములు

గవర్నరు జనరల్ విందులో ఒక అధికారి, కేరీ ఒకప్పుడు బూట్లు తయారుచేసేవాడు గదా అని ప్రక్కవానితో అంటే, కేరీ గారు విని, తయారుచేయగలిగేంత వాణ్ణి కూడా కాదు, పాతవి బాగుచేసేవాణ్ణి అని సరిదిద్దారని చెబుతారు. మంచము పట్టినప్పుడు చూడవచ్చిన యౌవన మిషనరీ అలెగ్జాండర్ డఫ్ గారితో, తన పోయిన తరువాత కేరీని గూర్చి కాక కేరీ రక్షకుని గూర్చి మాట్లాడమని కోరారు. 1834 జూన్ 9న శ్రీరాంపూరులో ప్రభువునందు నిద్రించారు. నలభై ఏండ్లకు పైగా ఈ దేశములో ఉండి, ఒక్కసారి కూడా స్వదేశమునకు తిరిగి వెళ్లలేదు. పరదేశమే ఆయనకు ఇల్లయింది, మనకయినట్లే.

చెల్లని నాణెము నాడు తన హృదయమును చూచుకొన్న కుర్రవాడు, ముసలితనములో కూడా తన్నుతాను ఎక్కువగా ఎంచుకోలేదు. తన్ను తాను ఎరిగినవాడు గనుకనే అగ్నికి కాలిపోయిన పనిని మరల మొదలుపెట్టగలిగాడు.

సంఘస్థులారా, ఈ శనివారము సాయంత్రము టీవీ కట్టి, ఇంటిల్లిపాది కూర్చుండండి. ఈ వారములో నా వలన నీకు కలిగిన బాధ ఏమిటని భర్త భార్యను, తల్లిదండ్రులు పిల్లలను అడగండి. జవాబు చెప్పేవరకు ఆగండి. మధ్యలో సమాధానము చెప్పుకోవద్దు. తరువాత ప్రార్థన చేసి, ఆదివారము ఆరాధనకు రండి. డోరతీ అమ్మవంటివారు మన ఇండ్లలో ఎవరైనా ఉంటే, వారి స్వరము మన పాటల మధ్య మనకు వినబడునట్లు ప్రభువు మనకు చెవులు దయచేయును గాక.