డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు - చెల్లని పట్టా, చెల్లిన చదువు

మా హాస్టల్లో ఈ ఏడు రాత్రి పన్నెండు దాకా ఒకటే చర్చ. విదేశంలో ఒక సెమిస్టరు చదివి వస్తే ఆ క్రెడిట్లు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయా, కలవవా? 2022లో యు.జి.సి. వారు దీనికి నియమాలు చేశారు. ఒప్పందం ఉన్న విదేశీ విశ్వవిద్యాలయంలో ట్విన్నింగ్ పద్ధతిన చదివితే 30 శాతం మించకుండా కలుపుకోవచ్చు. త్రిపురాంతకం నుంచి వచ్చిన నాబోటి రైతు బిడ్డకు అంత దూరం పోవడమే గగనం, అది వేరే సంగతి. కాని ఈ వాదన విన్నప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొస్తారు. ఆయనకు సొంత గడ్డ మీద చదివిన చదువే పూర్తిగా లెక్కకు రాలేదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద కన్నా డబ్బు మీదే ధ్యాస. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుణ్ణి కావాలని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెంకమ్మ గారు పట్టి వెనక్కు తెప్పించారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. (సప్లిమెంటరీ మిత్రులు గమనించగలరు!) తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ తరువాత మద్రాసు మెడికల్ కాలేజీ.

అక్కడే చిక్కు వచ్చింది. గాంధీగారి పిలుపు విని ఆయన ఖద్దరు కోటుతో ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కిట్టలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ రకం పట్టా చేతిలో పెట్టారు. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దక్కలేదు. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పుకొంటూ గడిపారు. ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక, నెత్తురు చచ్చి మనిషి కృశించిపోయే వ్యాధి అది. అప్పట్లో దానికి మందు లేదు.

మామగారు కొంత సర్దారు. కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత ఆసరా ఇచ్చింది. భార్య శేషగిరి గారికి మూడేళ్ళలో వస్తానని చెప్పి ఓడెక్కి 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. మన దగ్గర డాక్టరు చదువు చదివిన మనిషి ఆ పని చేశాడంటే నాకు ఇప్పటికీ ఒకపట్టాన మింగుడు పడదు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా వచ్చింది. అంతటితో తిరిగి వచ్చేస్తే ఆయన కథ వేరుగా ఉండేది.

ఆయన మాత్రం జీవరసాయన శాస్త్రంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తమాంసాల్లో భాస్వరం ఎంతుందో రంగును బట్టి తేల్చే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేటుతో నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కనయితే భాస్వరం అంత ఎక్కువ. మా నాన్న పొలం మట్టి పరీక్షకు ఇస్తే, కార్డులో భాస్వరం ఎంతో రాసిచ్చేది కూడా ఇదే కోవకు చెందిన నీలిరంగు చూసే! ఈ పద్ధతి చేతికి వచ్చాక కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ 1927లోను, మన ఒంటికి బలాన్నిచ్చే ఏ.టి.పి. 1929లోను బయటపడ్డాయి. 1930లో పిహెచ్.డి. వచ్చింది. మద్రాసులో తక్కువైన పట్టాకు పదింతలు హార్వర్డులో దక్కినట్టే అనుకొంటాం. కాని అక్కడా శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ప్రచురణకు నోచుకోక, తరువాతి వారు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని, 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు.

1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది పనిచేసింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు! బోదకాలుకు హెట్రజాన్, అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ కూడా అక్కడివే. అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తపు క్యాన్సరుకు వైద్యం చేసి 1948లో ఫలితాలు ప్రకటించారు.

అదే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు నిద్రలో కన్ను మూశారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఇండియాకూ రాలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. 1995లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు మా అమ్మకు ఈ కథంతా చెప్పాను. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇచ్చే ఎర్రమాత్రలో ఉండే మందు ఈయన చలవేనన్నాను. అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. మూడేళ్ళని చెప్పి పోయిన మనిషి కోసం ఆ శేషగిరమ్మ ఎన్నేళ్ళు చూసిందని అడిగింది. పాతికేళ్ళని చెప్పాను. సరేలే, అన్నం తిను అంది.