గుంపుకు లొంగని కీర్కెగార్డ్

క్రైస్తవ తత్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ 1813లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో జన్మించారు. 1845 చివర కోర్సెయిర్ అనే ఎగతాళి పత్రికను ఆయనే కవ్వించారు. చేతులారా తెచ్చుకున్నదే అనుకోండి. 1846లో అది నెలల తరబడి ఆయన సన్నని కాళ్ళనూ, ఒక కాలు పొట్టియైన ప్యాంటునూ బొమ్మలు వేసి నవ్వించింది. వీధుల్లో నడుస్తూ సామాన్యులతో మాట్లాడుట ఆయనకెంతో ప్రీతి. అదీ పోయింది. పిల్లలు సైతం వెక్కిరించారు.

ఆ యేటనే వ్రాసిన ఒక సమీక్షా గ్రంథములో, పత్రికలు పుట్టించే ప్రజాభిప్రాయానికి ముఖము లేదనీ, దానికి జవాబుదారీ ఎవరూ ఉండరనీ, దేవుని యెదుట మాత్రం ఒక్కొక్కరు విడిగా నిలువవలెననీ వివరించారు.

పత్రికలను అంతగా తప్పుపట్టిన ఆయనే, 1855లో ప్రభుత్వ సంఘమును ఎదిరించుటకు సొంత పత్రిక పెట్టారు. తొమ్మిది సంచికలు వచ్చాయి. పదవది వెలువడకముందే జబ్బుపడి, నవంబరు 11న, 42వ యేట కన్నుమూశారు. మరణపడకపై కూడా ప్రభుత్వ జీతము తీసుకొనే పాదిరి చేత ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనుటకు ఒప్పుకోలేదు.