మార్లవాయి బడి పెట్టిన హైమన్‌డార్ఫ్



మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు రాయడం ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలేల గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి మేము మన ఆదిలాబాద్ అడవుల్లో బడి పెట్టిన ఒక పరాయి దేశస్థుని గురించి రాస్తున్నాం. ఆయన పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక కులీన కుటుంబంలో పుట్టాడు. అక్కడే మానవశాస్త్రం చదివి డాక్టరేట్ పొందాడు. తర్వాత లండన్‌లో మాలినోవ్‌స్కీ దగ్గర శిష్యరికం చేశాడు. 1936లో ఈశాన్య కొండల్లోని నాగాల మధ్య ఉండి పరిశోధన చేశాడు. 1938లో బెట్టీ ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడు ఇద్దరూ మళ్లీ ఇండియా వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకున్నాడు కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రు దేశస్థుడు. నైజాం రాజ్యం దాటి పోవద్దన్నారు. ఒక రకంగా ఖైదే. ఆ ఖైదు మన జిల్లాకు మేలు చేసింది. ఆయన ఊరికే కూర్చోక ముందు నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి తీరపు కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లాడు.

అప్పటికి జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగి (1940) ఎంతో కాలం కాలేదు. అడవిని రిజర్వు చేసి గోండులను వెళ్లగొట్టారు. తరతరాలుగా దున్నిన చెలకలకు బయటి నుంచి వచ్చినవాళ్లు పట్టాలు రాయించుకున్నారు. దరఖాస్తు ఉర్దూలో, పట్వారీ లెక్క మరాఠీలో, నష్టపోయినవాని మాట గోండిలో! ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నాడో వేసేవానికే తెలవదు. భూమి పోవడానికీ చదువు లేకపోవడానికీ ఉన్న ఈ ముడిని హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉండి కళ్లారా చూశాడు. బెట్టీ కూడా ఆయనతోపాటే ఆ ఊరిలో ఉన్నది. మార్లవాయి ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. బయటి నుంచి పంతుళ్లను తెచ్చి గూడేల్లో పెడితే వాళ్లు నిలవరు, పిల్లల మాట వాళ్లకు అర్థం కాదు. అందుకే గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేయాలనుకున్నారు. చదువు వచ్చిన గోండులే దొరకని రోజులవి. నాలుగు అక్షరాలు తెలిసినవాళ్లను వెతికి పట్టుకొని, వాళ్లకు నేర్పి, వాళ్లతో మిగతావాళ్లకు నేర్పించారు. గోండి భాషలోనే వాచకాలు అచ్చు వేయించారు. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఎక్కువ కాబట్టి లిపి దేవనాగరి పెట్టారు. పిల్లవాడు మొదట తన ఇంటి మాటనే అక్షరాల్లో చూస్తాడు, ఆ తర్వాతనే సర్కారు భాషలోకి పోతాడు. సేతుమాధవరావు పగడి అనే అధికారి తానే గోండి నేర్చుకొని, వ్యాకరణం కూడా రాసి ఈ పనికి తోడు నిలిచాడు. ఉన్నత చదువు ఎక్కువగా ఉర్దూలో నడుస్తున్న రాజ్యంలో గోండికి పుస్తకం వేయడం చిన్న సంగతి కాదు.

1945లో ఆయన నిజాం సర్కారుకు గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారు అయ్యాడు. వేల కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. భీంను చంపిన సర్కారే హైమన్‌డార్ఫ్‌కు జీతమిచ్చింది. మళ్లీ తిరుగుబాటు రాకుండా చేసిన పని అనే విమర్శ ఉంది, అందులో నిజం లేకపోలేదు. భీం పోరాటం లేకుంటే మార్లవాయి బడి కూడా లేదని మేము నమ్ముతాం. అట్లని ఆయన చేసిన పనిని తక్కువ చేయలేం. దొర అనే మాట మన దగ్గర మంచి జ్ఞాపకం కాదు, అయినా ఈ తెల్లదొరను గోండులు తమవాడనుకున్నారు.

1949లో లండన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, తర్వాత అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు. నేపాల్ షెర్పాల మీద పుస్తకాలు రాశాడు. 1976లో రిటైరయ్యాక మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే ఇప్పించిన భూములు చాలాచోట్ల చేతులు మారాయి. 1956లో రాష్ట్రాల విభజన తర్వాత బడి భాష తెలుగైంది, గోండి వాచకాలు మూలకు పడ్డాయి. ఆ బాధంతా 1982లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది.

ఆయన వదిలిపోయిన ప్రశ్న ఇంకా తెగలేదు. 2020 జాతీయ విద్యావిధానం వీలున్నంతవరకు ఐదో తరగతి దాకా మాతృభాష అంటున్నది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. స్టడీ అవర్ అయ్యాక మన రూముల్లో దీని మీద ఎంత కొట్లాట జరుగుతదో అందరికీ తెలుసు. ఇంగ్లిష్ వద్దని మేము అనం. పెద్దోళ్ల పిల్లలు కాన్వెంటులో చదువుతుంటే మన పిల్లలకే మాతృభాష నీతులు చెప్పేవాళ్లను చూస్తే మాకూ కోపమే. కానీ ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లకు ఇంట్లో గోండి, హాస్టల్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మనలో తెలుగోళ్లకే పుస్తకాల తెలుగు సగం పరాయిది. అర్థం కాక మౌనంగా కూర్చున్న పిల్లవాణ్ణి మొద్దు అని రాసేసి బడి మాన్పిస్తే ఏ మీడియం వాణ్ణి బాగుచేస్తది? ఇంగ్లిష్ దాకా పోవాలన్నా మొదటి మెట్టు వానికి అర్థమయ్యే మాటలో ఉండాలి, ఆ మాట తెలిసిన పంతులు ఉండాలి. 1943లో చేయగలిగింది ఇప్పుడెందుకు చేయలేమన్నదే మా ప్రశ్న. గుంజాల ఊరిలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కంప్యూటర్‌లోకి ఎక్కిన లిపి బడిలో బోర్డు మీదికి ఇంకా సరిగా ఎక్కలేదు.

బెట్టీ 1987 జనవరిలో కన్నుమూసింది. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోయాడు. 2012లో కొడుకు ఆయన అస్థికలు తెచ్చి బెట్టీ పక్కన ఉంచాడు. ఏటా జనవరి 11న అక్కడ గోండులు వర్ధంతి జరుపుతారు. వచ్చే జనవరిలో మన హాస్టల్ నుంచి కూడా పోదామని అనుకుంటున్నాం. కరీంనగర్ వైపు అన్నలు ఎవరైనా వస్తామంటే ముందే కబురు పెట్టండి.