ఇంకా లేదు: ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ తిరిగొచ్చిన దారి

ఇల్లు వదిలి సిటీకి వచ్చాక మన పూజ ఎలా ఆగిపోతుందో మొన్నటి వీడియోలో మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక పేరు చెప్పి, టైమ్ చాలక వదిలేశాను. ఆ కథ ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఆయన హిందువు కాదు, జర్మనీలో పుట్టిన యూదుడు. అయినా చదువుతుంటే మన ఇంటి సంగతే అనిపిస్తుంది.

ముందు నా సంగతి చెప్తాను. మాది వరంగల్ ఎనుమాముల. బాపు అక్కడి మార్కెట్ యార్డులో దడ్వాయి, అంటే రైతు తెచ్చిన సరుకును తూచే మనిషి. మిర్చి సీజన్‌లో ఆయన ఇంట్లోకి వస్తే చాలు, బట్టలకంటిన ఘాటుకు మాకందరికీ తుమ్ములే. బస్తాను చూసి బరువు చెప్పొద్దని, కాంటా మీద పెట్టాకే చెప్పాలని అనేవాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక దీపం పెట్టడం మానేశాను. అమ్మ ఫోన్‌లో అడిగితే మాత్రం పెట్టానని అబద్ధం చెప్పేదాన్ని. అలా రెండేళ్లు గడిచాయి. ఆ రోజుల్లోనే రోజెన్‌జ్వైగ్ జీవితం చదివాను.

ఆయన 1886లో కాసెల్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రికి రంగుల ఫ్యాక్టరీ ఉండేది. ఇంట్లో డబ్బుంది, చదువుంది, సంగీతముంది. యూదుల ఆచారాలు మాత్రం పేరుకే మిగిలాయి. ఆయన కొన్నాళ్లు వైద్యం చదివి, తర్వాత చరిత్ర, తత్వశాస్త్రం వైపు మళ్లాడు. హెగెల్ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. దగ్గరి బంధువులు, స్నేహితులు కొందరు అప్పటికే క్రైస్తవం తీసుకున్నారు. 1913 జూలైలో ఒక రాత్రంతా వాళ్లతో వాదించి, చివరికి తనూ మతం మారాలని నిర్ణయించుకున్నాడు.

అయితే ఒక షరతు పెట్టుకున్నాడు. ఏమీ తెలియని మనిషిగా కాదు, యూదుడిగానే ఆ గడప దాటాలి అని. అంటే, వదిలేసే ముందు వదిలేస్తున్నదేమిటో చూడాలి. ఇది చదివినప్పుడు నాకు బాపు కాంటా గుర్తొచ్చింది.

యోమ్ కిప్పూర్ యూదులకు ఏడాదిలో అన్నిటికన్నా పవిత్రమైన రోజు. ఒక సాయంత్రం నుంచి మర్నాడు చీకటి పడేదాకా అన్నం, నీళ్లు రెండూ ముట్టకుండా, చేసిన తప్పులు ఒప్పుకుంటూ ప్రార్థిస్తారు. 1913 అక్టోబర్ 11న ఆ పండుగ వచ్చింది. ఆయన ఆ రోజు బెర్లిన్‌లో ఒక చిన్న సంప్రదాయ ప్రార్థనా మందిరంలో గడిపాడని జీవితచరిత్రల్లో ఉంటుంది. ఆ రోజు గురించి ఆయన పెద్దగా చెప్పుకోలేదు. కానీ ఆ నెలాఖరుకు బంధువుకు ఉత్తరం రాశాడు, తను యూదుడిగానే ఉండిపోతున్నానని.

ఇక్కడితో కథ అయిపోతే అది సినిమా. అసలు పని తర్వాత మొదలైంది. బెర్లిన్‌లో హెర్మన్ కోహెన్ దగ్గర కూర్చుని చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బాల్కన్ ప్రాంతంలో సైనికుడిగా ఉండగా, 1918లో తన పెద్ద పుస్తకం 'విమోచన నక్షత్రం' మొదలుపెట్టాడు. సైన్యం పోస్టుకార్డుల మీద రాసి ఇంటికి పంపేవాడు! అది 1921లో అచ్చయింది. యూనివర్సిటీ ఉద్యోగం వచ్చే దారి తెరిచి ఉన్నా వద్దనుకుని, 1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్దవాళ్ల కోసం ఒక విద్యాలయం నడపడం మొదలుపెట్టాడు. తనలాగే దూరమైన డాక్టర్లు, లాయర్లు అక్కడికి వచ్చేవాళ్లు. కొంచెం తెలిసినవాళ్లు కూడా నేర్పేవాళ్లు, నేర్పుతూ నేర్చుకునేవాళ్లు. ఏమీ రాదని సిగ్గుపడే పని లేదు.

యూదులు మామూలు రోజుల్లో పొద్దున ప్రార్థనకు తెఫిలిన్ కట్టుకుంటారు. లోపల శాస్త్ర వాక్యాలున్న చిన్న తోలుపెట్టెలను చేతికి, నుదుటికి పట్టీలతో కట్టుకోవడం అన్నమాట. మీరు కట్టుకుంటారా అని ఎవరో అడిగితే, ఇంకా లేదు అన్నాడట. లేదు అనలేదు చూడండి! ఆచారాలన్నీ ఒక్కరోజులో నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, అలాగని ఏ ఒక్కదానికీ తలుపు మూసేయకూడదు, శక్తి వచ్చినకొద్దీ ఒక్కొక్కటి అందుకోవాలి అన్నది ఆయన పద్ధతి.

1922లో నరాల జబ్బు బయటపడింది. చేతులు పోయాయి, మాట పోయింది. భార్య ఈడిత్ అక్షరాల సైగలు అర్థం చేసుకుని ఆయన మాటలు రాసేది. ఆ స్థితిలోనే 1925 నుంచి మార్టిన్ బూబర్‌తో కలిసి హీబ్రూ బైబిల్‌ను జర్మన్‌లోకి అనువదిస్తూ వచ్చాడు. గుడికి వెళ్లలేకపోతే ప్రార్థనే ఆయన ఇంటికి వచ్చింది. జనం ఆయన గదిలో చేరి ప్రార్థన చేసేవాళ్లు. 1929 డిసెంబర్ 10న, 43 నిండకుండానే పోయాడు.

ఇది చదివిన వారం అమ్మ మళ్లీ అడిగింది. ఈసారి ఇంకా లేదమ్మా అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. కోప్పడుతుందనుకున్నా. రెండేళ్లుగా నేను అబద్ధమాడుతున్నానని ఆమెకు తెలుసట! సరే బిడ్డా, శుక్రవారం ఒక్కరోజు పెట్టు చాలు అంది.

ఆ శుక్రవారం పెట్టాను. వత్తి చేయడం మర్చిపోయాను, మూడోసారికి కుదిరింది. ఇప్పటికీ నాకు రాని స్తోత్రాలు బోలెడు. వాటి గురించి ఎవరడిగినా నా జవాబు అదే, ఇంకా లేదు.

మీ ఇంట్లో ఆగిపోయింది ఏదైనా ఉంటే, ఈ వారం ఒక్కటి అందుకుని చూడండి. వచ్చే వీడియోలో కలుద్దాం. శుభం.