ఆగిన కలం

క్రిస్మస్‌కు మన క్వయర్లు పాడే హల్లెలూయా కోరస్ జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ గారిది. ఆయన 1685లో జర్మనీలోని హాలెలో జన్మించి, మనవలెనే పరాయి చోట, లండన్‌లో స్థిరపడ్డారు. 1737లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినా కోలుకున్నారు. 1741లో 'మెస్సీయ'ను 24 రోజుల్లోనే వ్రాశారు.

అందరూ ఆ 24 రోజుల సంగతే చెబుతారు. నాకు మాత్రం ఆయన కలం ఆగిన రోజులే ఎక్కువ ఆదరణ నిచ్చాయి. 1751 జనవరిలో యెఫ్తా చరిత్రకు (న్యాయాధిపతులు 11) సంగీతం కూర్చ మొదలుపెట్టారు. తండ్రి మ్రొక్కుబడికి కుమార్తె బలి కావలసిన ఘట్టం వచ్చింది. దైవసంకల్పం మానవునికి అగమ్యమనే బృందగానం వ్రాస్తుండగా ఎడమకన్ను మసకబారింది. ఫిబ్రవరి 13న ఆ సంగతి వ్రాతప్రతిలోనే జర్మన్ భాషలో వ్రాసి, పని ఆపివేశారు. పది రోజులకు కొంచెం నెమ్మదించి మళ్లీ కూర్చున్నారు. మళ్లీ ఆగారు. చివరకు ఆగస్టు 30న ముగించారు. ఒకప్పుడు నెలలో అయ్యే పనికి ఏడు నెలలు!

తరువాత చూపు పూర్తిగా పోయింది. స్వరాలు చూసి వాయించే వీలు లేక, కచేరీలో వాద్యబృందం ఆగిన చోట అప్పటికప్పుడు మనస్సులో కల్పించుకొని ఆర్గాన్ వాయించేవారు. 1759 ఏప్రిల్ 6న మెస్సీయ కచేరీకి వచ్చారు. 14న, గుడ్ ఫ్రైడే మరునాటి ఉదయం, ప్రభువునందు నిద్రించారు.