పిడుగును తయారుచేసిన స్టైన్‌మెట్జ్

పిల్లలూ! ఈ పాఠంలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ గారి గురించి తెలుసుకుందాం.

ఆయన 1865లో బ్రెస్లావ్ నగరంలో పుట్టారు. ఆ నగరం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఆయనకి పుట్టుకతోనే గూని. పెద్దయ్యాక కూడా ఎత్తు సుమారు నాలుగు అడుగులే. కానీ లెక్కల్లో మహా దిట్ట! ప్రభుత్వానికి నచ్చని పత్రికలో పనిచేసినందుకు పోలీసులు వెంటపడ్డారు. చదువు మధ్యలోనే దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది.

1889లో ఆయన ఓడలో న్యూయార్క్ చేరారు. మీ అమ్మానాన్నలు సౌదీకి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు చూపించారు కదా? అలాగే అక్కడి అధికారులు ఆయన్ని ఆపారు. గూని ఉంది, ఇంగ్లీషు సరిగ్గా రాదు, ఇతన్ని వెనక్కి పంపేద్దాం అనుకున్నారు. వెంట వచ్చిన స్నేహితుడు బాధ్యత తీసుకుంటానంటే, అప్పుడు రానిచ్చారు.

కొన్నేళ్ళకే ఆయన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో గొప్ప ఇంజనీరు అయ్యారు. ఆ రోజుల్లో కరెంటు తీగల మీద పిడుగు పడితే యంత్రాలు కాలిపోయేవి. వాటిని కాపాడటానికి అరెస్టర్ అనే పరికరం పెట్టేవారు. మీ తాతయ్య ఊళ్ళో చెరువుకి అలుగు ఉంటుంది. నీళ్ళు ఎక్కువైతే అలుగు మీంచి పోతాయి, కట్ట తెగదు. అరెస్టర్ కూడా అంతే. ఎక్కువైన కరెంటుని భూమిలోకి పంపేస్తుంది.

మరి అది పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? పిలిస్తే పిడుగు రాదు కదా!

1920లో ఆయన కుటీరం మీదే పిడుగు పడి, అద్దం పగిలిపోయింది. ఆయన ముక్కలన్నీ ఏరి, పేర్చి, పిడుగు ఏ దారిలో వెళ్ళిందో చూశారు. 1922లో లాబొరేటరీలోనే పిడుగుని తయారుచేశారు. లక్ష వోల్టులకి పైనే! ఆ దెబ్బకి చెక్కదిమ్మలు పేలిపోయాయి. ఆ పిడుగుతోనే అరెస్టర్లని పరీక్షించారు. ఇక చెడ్డదేదో, మంచిదేదో ముందే తెలిసిపోతుంది. మరుసటి ఏడాది, 1923లో, ఆయన చనిపోయారు.

ఈ రోజుకీ ఇలాంటి పరికరాలని కృత్రిమ సర్జ్‌తో పరీక్షిస్తారు. సర్జ్ అంటే తీగలో వోల్టేజి ఒక్క క్షణం చాలా పెరిగిపోవడం. రియాద్‌లో వానలు తక్కువే, కానీ పడితే ఉరుములు, మెరుపులు కూడా వస్తాయి. పెద్ద మోటార్లు ఆన్, ఆఫ్ అయినప్పుడు కూడా సర్జ్ రావచ్చు.

చేసి చూద్దాం: మీ టీవీ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద సర్జ్ ప్రొటెక్షన్ అని రాసి ఉందా? స్విచ్ ఉన్నంత మాత్రాన అది సర్జ్‌ని ఆపదు. నాన్నగారినో అమ్మనో అడిగి చూడండి. ప్లగ్గు మాత్రం మీరు ముట్టుకోకండి!