వృద్ధాప్య పింఛనుకు ఆద్యుడు సంజీవయ్య

ఏలూరు: నెల ఒకటో తేదీ వచ్చిందంటే కొల్లేటి లంక గ్రామాల్లో వేకువ నుంచే వృద్ధుల ఎదురుచూపులు ఆరంభమవుతాయి. అటు తాడేపల్లిగూడెం పరిసర పల్లెల్లోనూ అదే దృశ్యం. వారు అందుకొనే పింఛనుకు రాష్ట్రంలో బీజం వేసిన దామోదరం సంజీవయ్య పేరు మాత్రం వారిలో చాలామంది ఎరుగరు.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న పెదపాడులో జన్మించారు. అది కొల్లేరు చెంతనున్న మన పెదపాడు కాదు, కర్నూలు సమీపంలోని పెదపాడు. భూమి లేని దళిత కుటుంబం. పుట్టిన కొద్దిరోజులకే తండ్రి కన్నుమూయగా తల్లి సుంకులమ్మ రెక్కల కష్టంపై, మేనమామ ఆదరువుతో పెరిగారు. కర్నూలులో పాఠశాల విద్య, అనంతపురంలో డిగ్రీ, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. తదుపరి రాజాజీ మంత్రివర్గంలోనూ, అనంతరం ఆంధ్ర మంత్రివర్గాల్లోనూ పనిచేశారు. 1960 జనవరి 11న నలభై ఏళ్లయినా నిండకముందే ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. దేశంలో ఆ పదవిని అధిష్ఠించిన తొలి దళితుడు ఆయనే.

కుమారుడు ముఖ్యమంత్రి అయినా సుంకులమ్మ పల్లెను వీడలేదు. ఒకసారి తల్లిని చూడవచ్చిన సంజీవయ్య ఆమె చేతిలో కొంత సొమ్ము ఉంచారట. తనకైతే కొడుకు ఉన్నాడని, ఎవరూ లేని ముసలివాళ్లకు దిక్కెవరని ఆమె అడిగిందట. పింఛను ఆలోచన అక్కడే పుట్టిందని రాయలసీమలో నేటికీ చెప్పుకొంటారు. కథ ఎలా ఉన్నా, కూలితల్లి కడుపున పుట్టినవానికి ఆ ప్రశ్న మరొకరు నేర్పవలసినది కాదు.

అంతవరకు పింఛను అనే మాట ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాలకు, ఉపాధ్యాయులకే చెందినది. వరి చేలలో నడుము వంచిన కూలీకి, కొల్లేటిలో వల విసిరిన జాలరికి ఒంట్లో సత్తువ ఉన్నంతవరకే సంపాదన. ఆ తరువాత కొడుకులు పెడితే తినాలి, లేకుంటే ఇరుగుపొరుగు దయ. 1960 నవంబరు 1న, రాష్ట్రావతరణ దినాన, నిరాధార వృద్ధులకు పింఛను పథకం అమలులోకి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో 1957లోనే ఇటువంటి పథకం ఉన్నది. కేంద్రం జాతీయ స్థాయిలో దీనిని చేపట్టింది మాత్రం 1995లో, అంటే మరో 35 ఏళ్లకు.

పథకం వచ్చిననాడే కష్టాలు తీరాయనుకొంటే పొరపాటు. మొత్తం స్వల్పం, మంజూరు సంఖ్యకు పరిమితి. ఊరిలో ఒక పింఛనుదారు మరణిస్తే తప్ప మరొకరికి రాని రోజులను పెద్దలు మరువలేదు. పక్కింటి చావు కోసం ఎదురుచూడవలసి రావడం ఏ వృద్ధునికీ గౌరవం కాదు. 2006లో రూ.200కు, 2014లో రూ.1,000కి, 2024లో రూ.4,000కు చేరాక గానీ అది చెప్పుకోదగిన ఆసరా కాలేదు.

ముఖ్యమంత్రిగా సంజీవయ్య 1962 మార్చి వరకే ఉన్నారు. అవినీతి నిరోధక శాఖ 1961లో ఆయన హయాంలోనే ఏర్పడింది. ఆపై అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షునిగా, 1964 నుంచి కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. కార్మికులకు బోనస్ చట్టం 1965లో వచ్చినపుడు ఆ శాఖ ఆయనదే.

రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షునిగా ఉండగా 1972 మేలో ఢిల్లీలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 51. పింఛను తీసుకొనే వయస్సు ఆయనకు రానేలేదు. తపాలా శాఖ 2008లో ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది.